ఆపో అంటే ఆపమని కాదు

మొన్న శనివారం ఇక్కడ మేముండే చాండ్లర్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్ళాం. ఫ్రీజర్ తలుపు తెరిచి పట్టుకుని మా అమ్మాయి ఒక నూడుల్స్ ప్యాకెట్ నా మొహం ముందు ఊపింది. "అమ్మా, హక్కా అంటే స్పైసీనా?"

నాకు నవ్వాగలేదు. ట్రాలీ మీదకి వంగిపోయి నవ్వాను. "హక్కా అంటే మనుషులే! మనుషులు! పాటలు పాడే మనుషులు!" అన్నాను. ఫ్రోజెన్ పరోటాలు ఏరుకుంటున్న పెద్దాయన ఒక్క అడుగు పక్కకి జరిగాడు. ఇంటికొచ్చేదాకా కార్‌లో ఆ కథ చెబుతూనే ఉన్నాను. సగం దారిలో చూస్తే దాని చెవుల్లో ఇయర్‌ఫోన్స్. సరే, వినకపోతే పోయింది. అసలే నా నోట్లో నువ్వుగింజ నానదు, ఇప్పుడు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నాకప్పుడు పన్నెండేళ్ళు నిండబోతున్నాయి. డిట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండేవాళ్ళం. నాన్నకి హెచ్ వన్ మీద కార్ల ప్లాంట్‌లో ఉద్యోగం. అమ్మకి పనిచేసే వీల్లేదు, డ్రైవింగ్ రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఇల్లూ బాల్కనీయే ఆమె రాజ్యం. రెండంతస్తుల ఇటుక అపార్ట్‌మెంట్లు రెండు వరుసలు ఎదురెదురుగా ఉండేవి, మధ్యలో పార్కింగ్ లాట్. సాయంత్రమయ్యేసరికి మా వైపు నుంచి ఇంగువ పోపు, ఎదుటి వైపు నుంచి వెల్లుల్లీ సోయా సాసూ కలిసి మాడిన ఘాటు బయల్దేరి, సరిగ్గా మా కారు మీద కలుసుకునేవి. ఆ కారెక్కితే ఎప్పుడూ ఆకలేసేది.

ఆ వేసవిలో అమ్మ బాల్కనీ రెయిలింగ్ మీద పాత చీర పరిచి ఎండు మిరపకాయలు పోసింది. మూడోరోజు లీజింగ్ ఆఫీస్ వాళ్ళు తలుపుకి నోటీసు అంటించారు. రెయిలింగ్ మీద ఏమీ ఆరబెట్టకూడదట, కంప్లయింట్ వచ్చిందట. నాన్న ఆ కాగితం చదివిన తీరు చూస్తే ఇమ్మిగ్రేషన్ వాళ్ళే పంపారనుకోవాలి.

"మన స్టేటస్ ఏంది, మనమేంది! రేపు పోలీసులొస్తే? ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌ల ఉన్నది, ఎరికేనా?" అన్నాడు.

"మిరపకాయలకు పోలీసులొస్తరా?" అంది అమ్మ. కానీ భయపడింది. మిరపకాయలు కిందికి దించి బాల్కనీ నేల మీద, గోడ చాటున పోసింది. ఆనాటి నుంచి కంప్లయింట్ అన్న మాట వింటే చాలు గొంతు తగ్గించేది.

ఎదుటి వరుసలో పై ఇంటి పిల్ల నాకు స్విమ్మింగ్ పూల్ దగ్గర దొరికింది. నా ఈడుదే. వాళ్ళ నాన్న రెస్టారెంట్ నడిపేవాడు. కలకత్తాలో పుట్టి, టొరంటోలో కొన్నాళ్ళుండి, ట్రాయ్‌కి వచ్చిన కుటుంబం.

"మేం చైనీసే కానీ హక్కా," అంది ఆ పిల్ల.

"నూడుల్సా?" అన్నాను నేను.

దోసిలితో నీళ్ళు నా మొహాన కొట్టింది. అలా స్నేహం మొదలైంది. ఇంటికొచ్చి, "వాళ్ళు హక్కా అంట," అని అమ్మకి చెప్పాను.

"హక్కా? ఎవరి హక్కు? దేని మీద హక్కు?" అంది అమ్మ, చేతిలో గరిటె పట్టుకుని. నాన్న పడీపడీ నవ్వాడు. వాళ్ళ మాటకి అర్థం చుట్టాలని, వచ్చి ఉండిపోయిన చుట్టాలని, ఆ పిల్ల చెప్పింది చెప్పాను. "అయితే మనం గూడ హక్కానే పో," అన్నాడు నాన్న.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తున్నాను. ఆ పిల్ల నానమ్మ. ఎనభై ఏళ్ళుంటాయి, నా భుజం వరకు వచ్చేది. పూల చొక్కా, రబ్బరు చెప్పులు, మూడు బంగారు పళ్ళు. వాళ్ళ భాషలో నానమ్మని ఆపో అంటారు. మేడ కింద నిలబడి ఆ పిల్ల "ఆపో! ఆపో!" అని అరిస్తే, నాకు మొదట్లో ఎవరినో ఏదో ఆపమంటున్నట్టే వినిపించేది. అడిగితే అర్థం చెప్పింది. ఇది గుర్తుంచుకోండి. నాకు అర్థం తెలుసు.

ఆపో రోజూ మధ్యాహ్నం కునుకు తీసి, సాయంత్రం నాలుగింటికి లేచి, బాల్కనీలోకి వచ్చి పాడేది. ఆ పాట అంతకు ముందు నేను విన్న ఏ పాటలాగానూ ఉండేది కాదు. ఎత్తడమే ఎత్తుగా ఎత్తి, ఒకే అక్షరాన్ని పార్కింగ్ లాట్ ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగదీసి, ఉన్నట్టుండి కిందికి వదిలేసేది. వాటిని కొండ పాటలంటారని ఆ పిల్ల చెప్పింది. ఒక కొండ మీద ఆకు కోసే ఆడవాళ్ళు, ఎదుటి కొండ మీద కట్టెలు కొట్టే మగవాళ్ళు. ఇటు నుంచి ఒక పాట విసిరితే అటు నుంచి అప్పటికప్పుడు కట్టి జవాబు పాడాలి. వేళాకోళం, కవ్వింపు, ఎత్తిపొడుపు, ఏదైనా సరే. జవాబు రాకపోతే ఓడిపోయినట్టు.

"మరి కొండేదీ?" అన్నాను. ట్రాయ్‌లో స్పీడ్ బ్రేకరే పెద్ద ఎత్తు.

"ఆపో కూడా చూడలేదు. వాళ్ళమ్మ కలకత్తాలో డాబా మీద నిలబెట్టి నేర్పింది," అంది.

నిరుటి దాకా ఆపో బాల్కనీలో పాడితే తాతయ్య వంటింట్లోంచి జవాబు పాడేవాడట. చలికాలంలో ఆయన పోయాడు. అయినా ఆపో పాట విసరడం మానలేదు. ఒక పాట పాడేది, రెయిలింగ్ పట్టుకుని కాసేపు నిలబడేది, లోపలికి వెళ్ళిపోయేది.

ఒకరోజు అమ్మ గోడ చాటున కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఆపో పాడి ఆగింది. అమ్మ తల తిప్పి అటు చూసింది.

"ఎత్తుకున్నది గాని అందుకునేటోళ్ళు లేరా ఆమెకు?" అంది నాతో.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో నాట్లప్పుడు ఈ గట్టు ఆడవాళ్ళు పాట ఎత్తుకుంటే ఆ గట్టు వాళ్ళు అందుకోవాల్సిందే. అందుకోకపోతే సాయంత్రం దాకా వెక్కిరింపులు తప్పవు. అమ్మ చిన్నప్పుడు ఆ మళ్ళలోనే తిరిగింది. అమెరికా వచ్చి రెండేళ్ళయినా మాకెవరికీ తెలియని గొంతు ఒకటి ఆమె దగ్గరుందని ఆ రోజే తెలిసింది. కూర్చున్నచోటు నుంచి లేవకుండా, తొడిమలు తీయడం ఆపకుండా, ఎత్తుకుంది:

గట్టు మీద ఉన్నదానా, గాజుల చేతిదానా,
నారు కట్ట అందుకోవే, నడుము వంచి రావే!

ఎదుటి బాల్కనీలో ఆపో గిర్రున వెనక్కి తిరిగింది. గోడ చాటున ఉన్న అమ్మ కనబడక, ఎవరు పాడారా అని ఒక్కో బాల్కనీ వెతుకుతోంది. తర్వాత మూడు బంగారు పళ్ళూ కనబడేలా నవ్వి, ఇంకో పాట విసిరింది. అమ్మ ఇంకోటి విసిరింది. ఒకరి భాష ఒకరికి ముక్క తెలీదు. పది రోజులు ఇలాగే నడిచింది. నాలుగయిందంటే అమ్మ జడ వేసుకుని మరీ సిద్ధంగా ఉండేది.

అందరూ సంబరపడ్డారు, నేను తప్ప. పూల్‌లో పిల్లలు చెవులు మూసుకుని వెక్కిరించేవాళ్ళు. "అదెవరు, ఎవరినైనా కొడుతున్నారా?" అని ఒకడు అడిగితే, నాకు తెలీదన్నాను. మా అమ్మ గొంతు నాకు తెలీదన్నాను! సిగ్గుతో నీళ్ళలో మునిగి, ఊపిరి ఆగేదాకా పైకి రాలేదు.

మర్నాడు ఆపో ఇంకా లేవకముందే అమ్మ తానే పాట ఎత్తుకుంది, మంచి జోరులో ఉంది. కింద నా స్నేహితురాలు పరిగెత్తుకొచ్చి, నిద్రపోతున్న నానమ్మని లేపడానికి, "ఆపో! ఆపో!" అని మేడ అదిరేలా అరిచింది. పాట మధ్యలో అమ్మ టక్కున ఆగిపోయింది. మొహం ఎర్రబడింది.

"ఏందే, ఆ పిల్ల నన్ను ఆపుమంటున్నదా?"

చెప్పానుగా, నాకు అర్థం తెలుసు. ఒక్క మాట చెబితే అయిపోయేది. నేనేమన్నానో వినండి. "అవునమ్మా. ఇక్కడ అట్లా పాడితే కంప్లయింట్ చేస్తారు."

అమ్మ మిరపకాయలు చేటలోకి ఎత్తుకుని లోపలికి వెళ్ళి, గాజు తలుపు జరిపింది. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి సరిగ్గా ఒక పూట ఉంది.

మర్నాడు నాలుగింటికి ఆపో పాడింది. జవాబు లేదు. మళ్ళీ పాడింది. అమ్మ వంటింట్లో కుక్కర్ మూత తోముతోంది, అప్పటికే తోమిన మూత. ఆ మరుసటి రోజూ అంతే. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. స్కూళ్ళు తెరిచారు.

బస్‌లో నా స్నేహితురాలు అడిగింది. "మీ అమ్మ ఎందుకు మానేసింది? తను ఏం తప్పుగా పాడిందోనని ఆపో రోజూ నన్ను అడుగుతోంది."

"గొంతు నొప్పి," అన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, దగ్గి కూడా చూపించాను.

అప్పుడా పిల్ల అసలు సంగతి చెప్పింది. ఏటా సెప్టెంబరు నెల పౌర్ణమికి దగ్గరి శనివారం, ఆ చుట్టుపక్కల హక్కా ఇళ్ళవాళ్ళంతా పార్క్‌లో కలుస్తారు. టొరంటో నుంచి చుట్టాలు వ్యాన్‌లలో సరిహద్దు వంతెన దాటి వస్తారు. టొరంటో వాళ్ళొక వైపు, ట్రాయ్ వాళ్ళొక వైపు నిలబడి పాటలు విసురుకుంటారు. ట్రాయ్ వైపు జంట ఆపో, తాతయ్య. ఇప్పుడు ఆపో ఒక్కతే. పాట ఎత్తేవాళ్ళు ఒకరు, అందుకునేవాళ్ళు ఒకరు ఉండాలని నియమం. కుర్రవాళ్ళెవరికీ ఆ పాటలు రావు.

"నాన్న కేరియోకీ మెషీన్ కొన్నాడు. ఈసారి జవాబు చెప్పేవాళ్ళు లేకపోతే ఇక పాటలు బందే. వచ్చే ఏడు నుంచి మెషీనే," అంది. "ఆపో మీ అమ్మనే అడగాలనుకుంది. గొంతు తగ్గుతుందంటావా?"

బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏమో అన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా తలుపు తట్టారు. అమ్మ తీసింది. గుమ్మంలో ఆపో, వెనకాల నా స్నేహితురాలు. ఆపో చేతిలో గాజు సీసా, అందులో నల్లగా ఉప్పులో ఊరిన నిమ్మకాయలు. ఏళ్ళ తరబడి ఊరినవి.

"బేటీ, గలా ఠీక్ హువా?" అంది ఆపో.

కలకత్తా హిందీ! అమ్మకి హైదరాబాద్ హిందీ వచ్చు. ఇద్దరూ ఒక్క క్షణం ఒకరినొకరు నోరు తెరుచుకుని చూసుకున్నారు. పది రోజులు అర్థం కాని భాషల్లో పాడుకున్నారు, మధ్యలో హిందీ ఉందని ఇద్దరికీ తెలీదు.

"మేరే గలే కో క్యా హువా?" అంది అమ్మ. నా గొంతుకేమైంది?

నేను సోఫా వెనక్కి జరిగాను. ఆపో మనవరాలి వైపు చూసింది, మనవరాలు నా వైపు చూసింది. "వేడినీళ్ళలో వేసుకు తాగాలి, చెప్పు ఆపో," అంది ఆ పిల్ల. ఆ మాట వినగానే అమ్మ భుజాలు ముడుచుకుంది.

"ఇప్పుడు నేనెక్కడ పాడుతున్ననే? ఎందుకు ఆపుమంటున్నది?" అంది నాతో.

అని, ఆగింది. ఆపోని చూసింది. మళ్ళీ ఆ పిల్లని చూసి, ముసలామె వైపు వేలు చూపించి, "ఆపో?" అంది. ఆ పిల్ల తలూపింది. "ఆపో మీన్స్ గ్రాండ్‌మా, ఆంటీ."

అమ్మ నా వైపు తిరిగింది. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. ఆమె సీసా మూత తీసి వాసన చూసి, "మన నిమ్మకాయ తొక్కే. కారం ఎయ్యుడు మర్చిపోయిన్రు," అని ఆపోని లోపలికి పిలిచి చాయ్ పెట్టింది. పార్క్ సంగతి ఆపో తానే చెప్పింది. "మీ భాష నాకు రాదు, నక్కో," అంది అమ్మ హిందీలో. భాష ఎవరడిగారు, జవాబు కావాలి, అంది ఆపో. అమ్మ వస్తాననలేదు, రాననలేదు. "దేఖేంగే," అంది.

వాళ్ళు వెళ్ళాక తిడుతుందనుకున్నాను. అన్నం పెట్టింది. సోమవారం తిడుతుందనుకున్నాను. జడ వేసింది. నాన్నకి చెబుతుందనుకున్నాను, చెప్పలేదు. శుక్రవారం వచ్చింది. ఆ వారం నేను పడ్డ నరకం పగవాళ్ళకి కూడా వద్దు. చెప్పకుండానే గిన్నెలు కడిగాను, హోంవర్క్ చేశాను, బాత్రూమ్ కూడా తోమాను.

శనివారం పొద్దున్నే లేచి పెద్ద అల్యూమినియం ట్రే నిండా పులిహోర కలిపింది. నాన్నకి ఆ రోజు ప్లాంట్‌లో డ్యూటీ. ఆపో వాళ్ళ వ్యాన్‌లోనే వెళ్ళాం. ట్రే నా ఒళ్ళో పెట్టారు. అమ్మ దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

అబ్బ, ఆ పార్క్! ఒక చెరువు, చెరువు ఒడ్డున చిన్న మట్టి దిబ్బ. చలికాలంలో పిల్లలు జారుడు బండ్లతో జారే దిబ్బ. వాళ్ళకి కొండ అదే. అరవై మంది దాకా ఉన్నారు. బల్లల మీద ఉప్పు కోడి, కూరిన టోఫు, కలకత్తా చిల్లీ చికెన్, వెనిగర్‌లో పచ్చిమిరపకాయలు, చంద్రుడి బొమ్మ అచ్చేసిన తియ్యటి బిళ్ళలు. నేనూ నా స్నేహితురాలూ ఎవరూ చూడకుండా ఆ బిళ్ళలు చెరో నాలుగు జేబుల్లో వేసుకున్నాం. తాటాకు టోపీ పెట్టుకున్న టొరంటో తాతయ్య ఒకాయన దిబ్బకి అటు వైపు నిలబడ్డాడు. ఆయన వెనక టొరంటో జనం. ఇటు వైపు ముందు ఆపో ఒక్కతే. పక్కన బల్ల మీద కేరియోకీ మెషీన్, దాని వైరు చేత్తో పట్టుకుని నా స్నేహితురాలి నాన్న.

ఆపో మొదటి పాట ఎత్తింది. టోపీ తాతయ్య నవ్వుతూ జవాబు విసిరాడు. ఇప్పుడు ఇటు నుంచి రెండో గొంతు అందుకోవాలి. అటువాళ్ళు మెల్లగా మూడు చప్పట్లు కొట్టేలోగా రాకపోతే ఓడినట్టు.

"ఏమన్నడు?" అంది అమ్మ, పులిహోర వడ్డిస్తూనే.

ఆపో హిందీలో చెప్పింది. ఈ ఒడ్డున పూలే కాదు, గొంతులు కూడా ఎండిపోయాయా అంటున్నాడు.

మొదటి చప్పట. అందరూ ఆపో వెనక చూస్తున్నారు, అక్కడెవరూ లేరు. రెండో చప్పట. నా స్నేహితురాలు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే జేబులో బిళ్ళలు నలిగిపోయాయి. అమ్మ గరిటె ట్రేలో పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. మూడో చప్పటకి అవతల చేతులు లేచాయి.

పక్కింటి చిన్నపిల్ల వాళ్ళవ్వను పిలిచె,
నా ఇంటి ఘనురాలు నన్నాపుమనె!

చెరువు ఇవతల పిట్టలు లేచిపోయాయి. అంత గొంతు. అవతల చేతులు గాల్లోనే ఆగిపోయాయి. అరవై మంది ముందు, కుండ బద్దలు కొట్టినట్టు, నా అబద్ధం!

పన్నెండేండ్ల బిడ్డ పచ్చి అబద్ధమాడె,
ఇరవై దినాలు నా గొంతెండబెట్టె!

జనమంతా నవ్వుతూ చప్పట్లు కొడుతున్నారు. "యువర్ మామ్ ఈజ్ అమేజింగ్!" అని నా స్నేహితురాలు ఎగురుతోంది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. అరవలేను, ఏడవలేను. అమ్మ నన్నే చూస్తోంది. చూస్తూనే చివరి చరణం టోపీ తాతయ్య వైపు తిరిగి విసిరింది:

ఎండితే ఏమాయె, ఎండుమిరప ఘాటు పోతదా?
తిట్టితే ఏమాయె, కన్నబిడ్డ కానిదైతదా?

టొరంటో వైపు గొడవ మొదలైంది. ఇది మన భాష కాదు, చెల్లదని కుర్రవాళ్ళు. టోపీ తాతయ్య చెయ్యెత్తి వాళ్ళని ఆపి, అర్థమేమిటని ఆపోని అడిగాడు. ఆపో అమ్మని అడిగింది. అమ్మ హిందీలో ఒక్క మిరపకాయ ముక్కే చెప్పింది, ఎండితే ఇంకా మండుతుందని. ఆపో దాన్ని హక్కాలోకి మార్చి, సొంతంగా ఇంకేదో కలిపి వదిలింది. అటువాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. తాతయ్య టోపీ తీసి నేలకేసి కొట్టి, పగలబడి నవ్వాడు.

"ఏం కలిపింది?" అని నా స్నేహితురాలిని అడిగాను.

"ఆ మిరపకాయ ఆయన టోపీ కింద పెడితే జుట్టు మొలుస్తుందంది."

"నేను గట్లనలే!" అంది అమ్మ, కానీ నవ్వుతోంది.

జవాబు జవాబే, చెల్లుతుందన్నాడు తాతయ్య. నా స్నేహితురాలి నాన్న మెషీన్ వైరు చుట్టి డబ్బాలో పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్ని పాటలు విసురుకున్నారో లెక్కలేదు. ఎండ వాలేదాకా ఆపో ఎత్తుతూనే ఉంది, అమ్మ అందుకుంటూనే ఉంది. నేను ట్రే పట్టుకుని అందరికీ పులిహోర వడ్డించాను. ఒక పిల్లవాడు ఆ పాడేదెవరని అడిగితే, మా అమ్మ అన్నాను. వాడు విన్నా కూడా ఇంకోసారి చెప్పాను.

ఇంకో మూడు శరత్తులు మా అమ్మే ట్రాయ్ వైపు రెండో గొంతు. తర్వాత నాన్న ప్రాజెక్ట్ అయిపోయి వేరే రాష్ట్రం వెళ్ళాం. ఆపో పోయిందని నా స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. ఆ రెండు వరుసల ఇళ్ళూ పడగొట్టి టౌన్‌హోమ్స్ కట్టారట, ఇప్పుడు ఎదురెదురు బాల్కనీలే లేవట.

అమ్మ ఇప్పుడు నాతోనే ఉంటుంది. నిన్న కూరగాయలు తరుగుతుంటే పక్కన చేరి అడిగాను, ఆ రోజు పార్క్‌లో నా మీద కట్టిన పాట ఒక్కసారి పాడవా అని.

"ఏ పార్క్? నీ మీద నేనెందుకు కడతనే? గవన్ని యాదికుంటయా, పో!" అంది, కత్తిపీట మీంచి తలెత్తకుండానే.

నిజంగా మరిచిపోయిందో, తల్లి కదా, మరిచిపోయినట్టు నటించిందో నాకు తెలీదు. ఆ రోజు ఆ పాట అరవై మంది విన్నారు. అర్థమైంది నాకొక్కదానికే. ఇప్పుడది మొత్తం వచ్చేదీ నాకొక్కదానికే. నిన్న నేనే గొంతెత్తి మొదలుపెట్టాను, నన్ను తిట్టిన పాటని, నా గొంతుతో, ఘనురాలు అన్న మాట దగ్గర గట్టిగా లాగి. రెండో చరణం అయ్యేసరికి కత్తిపీట చప్పుడు ఆగింది. మూడోది అమ్మ అందుకుంది.